షాక్ అబ్జార్బరు పని బరువు మోయడం కాదు

మా మండవల్లి ప్రాంతపు రోడ్ల సంగతి ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఇది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి నెర్రెలు విచ్చుతుంది. పైన ఎంత మంచి తారు పరచినా కొంతకాలానికి రోడ్డు అలలు తేలుతుంది. దానికి తోడు చేపలు, ఐసు నింపుకొని చెరువుల నుంచి వచ్చే లారీల బరువు. కైకలూరు రహదారి మీద ఫరవాలేదనిపించినా, కొల్లేటి వైపు చెరువుగట్ల దారి పట్టామంటే కారు ముందు చక్రాలకు అసలు పరీక్ష మొదలవుతుంది.

గత వర్షాకాలంలో ఒక వలీమా విందు నుంచి తిరిగి వస్తున్నాం. కారు పాతది. ముందు సీటులో మా అమ్మ, వెనుక నా భార్య, పిల్లలిద్దరు. మగ్రిబ్ వేళ దాటింది. సైకిలు మీద ఒక కుర్రవాడు గట్టు దిగి హఠాత్తుగా రోడ్డెక్కాడు. బ్రేకు తొక్కాను. కారు ముక్కు నేలకు వంగింది, లేచింది, మళ్లీ వంగింది. ఆగవలసిన చోట ఆగలేదు. చివరకు సైకిలు వెనుక చక్రానికి జానెడు దూరంలో నిలిచింది. కుర్రవాడు నవ్వి వెళ్లిపోయాడు. నా చేతుల వణుకు మాత్రం ఇల్లు చేరేదాకా తగ్గలేదు.

మరునాడు మెకానిక్కును బ్రేకులు చూడమన్నాను. అతడు చక్రాలు విప్పి చూశాడు. తిరిగి బిగించి, బానెట్టు మూలను రెండు చేతులా అదిమి వదిలాడు. కారు మూడు నాలుగు సార్లు ఊగింది. "బ్రేకులు బాగానే ఉన్నాయి సాయిబు గారూ, ముందు షాకబ్జర్లు పోయాయి" అన్నాడు. "అవి పోతే కుదుపు ఎక్కువవుతుంది గానీ, బ్రేకుకూ వాటికీ సంబంధమేమిటి?" అని అడిగాను. ఇన్నేళ్లుగా మదర్సాలో పాఠాలు చెబుతున్నవాణ్ని, ఆ మధ్యాహ్నం ఒక షెడ్డులో బల్లమీద కూర్చొని పాఠం విన్నాను.

మనలో చాలామంది షాక్ అబ్జార్బరు కారు బరువును మోస్తుందనుకుంటాం. మోసేది స్ప్రింగు. చక్రం గతుకులో పడినప్పుడు ఆ దెబ్బను తనలో దాచుకొనేదీ స్ప్రింగే. అయితే దానికి ఒక దుర్గుణముంది: దాచుకొన్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఒక్క గతుకుకు పదే పదే ఊగుతుంది. కొల్లేటిలో తాటిదోనె మీద నుంచి ఒక మనిషి గట్టుకు దూకితే దోనె చాలాసేపు ఊగుతూనే ఉంటుంది చూడండి, అలాగన్నమాట. ఆ ఊపును అణచడమే షాక్ అబ్జార్బరు పని.

దాని నిర్మాణం నావికుల మడత దుర్భిణిని పోలినది. ఒక గొట్టంలోకి మరొకటి జారుతుంది. టెలిస్కోపిక్ అన్న పేరు అందుకే వచ్చింది. లోపల నూనె నిండిన గొట్టం, అందులో కడ్డీ చివర బిగించిన పిస్టన్. పిస్టన్‌కు సన్నని రంధ్రాలు, వాటిపై పలుచని ఉక్కు బిళ్లలతో చేసిన వాల్వులు ఉంటాయి. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ ఇరుకుదారిన దూరి అవతలి వైపు పోవాలి. చెరువు నీటిలో అరచేతిని మెల్లగా కదిపితే దారి ఇస్తుంది, వేగంగా కొడితే ఎదురు తిరుగుతుంది. ఇక్కడా అంతే: కదలిక ఎంత వేగమైతే అడ్డు అంత గట్టిది. స్ప్రింగు దాచుకొన్న శక్తి ఇలా నూనె ఒరిపిడిలో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. గతుకుల దారిన చాలాసేపు నడిచిన కారు షాక్ అబ్జార్బరు ఒళ్లు వెచ్చబడేది అందుకే.

సాధారణంగా చక్రం పైకి లేచేటప్పుడు అడ్డు తక్కువగాను, స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు ఎక్కువగాను ఉండేలా వాల్వులను అమరుస్తారు. కడ్డీ లోపలికి వచ్చినప్పుడు అది ఆక్రమించిన మేరకు నూనెకు చోటు కావాలి గదా! అందుకు బయట మరొక గొట్టం, పైన కాస్త వాయువు. నూనెలో గాలి కలిసి నురుగైతే అడ్డు సన్నగిల్లుతుంది కనుక నేటి వాటిలో పలుమార్లు నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపుతారు.

ఇక బ్రేకు సంగతి. కారు ఒళ్లు సెకనుకు ఒకటి రెండుసార్లు మాత్రమే ఊగుతుంది. అది మనకు తెలుస్తుంది. చక్రం మాత్రం పదికి పైగా ఎగరగలదు. అది కంటికి ఆనదు. ఎగిరిన ఆ క్షణంలో టైరు రోడ్డును నొక్కదు. నొక్కని టైరుకు పట్టు లేదు. బ్రేకు చక్రాన్నే ఆపగలదు, కారును ఆపవలసింది టైరు పట్టు. ఆ కుర్రవాడి వెనుక నా కారు జారినది ఈ లోపం వల్లనే.

మన చిన్న కార్లలో ఇది మరింత కీలకం. ఎర్ల్ మాక్‌ఫెర్సన్ అనే అమెరికా ఇంజనీరు పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే స్తంభంగా ఉంటాయి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ముందు చక్రాలకు ఉన్నది ఇదే. స్తంభం పైకొస రబ్బరు దిమ్మెతో కారు ఒంటికి, కిందికొస చక్రపు ఇరుసు భాగానికి బిగిసి ఉంటుంది. స్టీరింగు తిప్పితే స్తంభం కూడా తిరుగుతుంది. కాబట్టి అది అరిగితే స్టీరింగు కూడా వదులవుతుంది.

విచిత్రమేమంటే, ఇది ఒక్కరోజున పాడుకాదు. మెల్లమెల్లగా సన్నగిల్లుతుంది, నడిపేవాడు అందుకు అలవాటు పడిపోతాడు. మెకానిక్కు అదిమి చూసినది తొలి పరీక్ష మాత్రమే. కారు ఊగకపోయినంత మాత్రాన అంతా బాగున్నట్లు కాదు. స్తంభం మీద నూనె కారి దుమ్ము ముద్దకట్టిందా, టైరు అక్కడక్కడ గుంటలుగా అరిగిందా, బ్రేకు వేయగానే ముక్కు బాగా వంగుతోందా అనేవి కూడా చూడాలి. మారిస్తే కుడి ఎడమలు రెండూ కలిపే మార్చాలి, ఆపై చక్రాల అలైన్‌మెంటు సరిచూడాలి. పాతదానికి బెజ్జం వేసి, నూనె పోసి వెల్డింగు చేసి ఇస్తామనేవారున్నారు, నేనైతే ఒప్పుకోను. స్తంభాన్ని ఇంటి దగ్గర విప్పబోకండి. నొక్కి ఉంచిన స్ప్రింగు ఎగిరితే ప్రాణాంతకం.

తీసేసిన షాక్ అబ్జార్బర్లలో ఒకదాన్ని మదర్సాకు తీసుకెళ్లి పిల్లల ముందు నిలబెట్టాను. పదేళ్ల పిల్లవాడు ఒక్క చేత్తో కడ్డీని లోపలికి తోసేశాడు. అడ్డన్నదే లేదు.