కక్కలేక, మింగలేక

మా పెద్దమ్మకి గొంతులో ఉండ అడ్డం పడ్డట్టుండేది. ముద్ద దిగేది కాదు. తెనాలిలో ఇద్దరు డాక్టర్లు చూసి, ఎక్స్‌రే తీయించి, గొంతులో ఏమీ లేదన్నారు. ఇంట్లో దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. పల్చటి మజ్జిగతో నెలలు నెట్టుకొచ్చింది. కానీ మా అమ్మ వెళ్లి పక్కన కూర్చుంటే మాత్రం నాలుగు ముద్దలు తినేది. ఆ నాలుగు ముద్దలకీ గంటన్నర పట్టేది, మధ్యలో అన్ని మాటలుండేవి మరి. పిల్లలం అటు వెళితే ఇద్దరూ నోరు మూసేసేవారు.

పదేళ్ల తర్వాత ఎమ్మే సైకాలజీ క్లాసులో అన్నా ఓ. కథ వింటుంటే నాకు ఆ మజ్జిగ గ్లాసే కళ్ల ముందు మెదిలింది.

అన్నా ఓ. అనేది పుస్తకం కోసం పెట్టిన మారుపేరు. అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. వియన్నాలో డబ్బున్న యూదు కుటుంబం వాళ్లది. 1880 వేసవిలో తండ్రి మంచాన పడ్డాడు. 21 ఏళ్ల బెర్తా రాత్రిళ్లు ఆయన పక్కన మేలుకుని కూర్చునేది. ఒక రాత్రి కుర్చీ వెన్ను మీద కుడి చేయి వేలాడేసుకుని కునుకు తీసింది. గోడలోంచి నల్లపాము వచ్చి నాన్నని కాటేయబోతున్నట్టు కనబడింది. తోలేద్దామంటే చేయి లేవలేదు, తిమ్మిరెక్కి ఉంది. దేవుణ్ని తలుచుకుందామంటే చిన్నప్పటి ఇంగ్లీషు పిల్లల పాట తప్ప ఏమీ నోటికి రాలేదు. తర్వాత ఆ కుడి చేయి చచ్చుబడింది. కొంతకాలానికి సొంత భాష జర్మన్ కూడా పోయి ఇంగ్లీషే మిగిలింది. దగ్గు, చూపులో తేడా సరేసరి.

ఆ ఇంటికి వస్తూ పోతూ ఉండే వైద్యుడు జోసెఫ్ బ్రాయర్. ఓ మండు వేసవిలో ఆమె నీళ్లు తాగడం మానేసింది. గ్లాసు పెదవికి తగిలితే చాలు, తోసేసేది. దాదాపు ఆరు వారాలు పుచ్చకాయల్లాంటి పళ్లతోనే దాహం తీర్చుకుంది. ఒకరోజు హిప్నాసిస్‌లో ఉండగా తనకు తోడుగా ఉండే ఇంగ్లీషావిడ సంగతి గొణిగింది. ఆవిడ కుక్క గ్లాసులో మూతిపెట్టి నీళ్లు తాగడం చూసిందట. కడుపులో తిప్పింది. కానీ మర్యాద కాదని ఏమీ అనలేదు. ఆ రోజు అననిదంతా కోపంగా కక్కేసి, నీళ్లు అడిగి తాగింది. గ్లాసు పెదవుల దగ్గర ఉండగానే హిప్నాసిస్ లోంచి బయటికొచ్చింది.

ఈ పద్ధతికి పేరు పెట్టింది డాక్టరు కాదు, రోగే. ‘మాటల వైద్యం’ అంది. సరదాకి ‘పొగగొట్టం దులపడం’ అని కూడా అంది. రెండూ ఇంగ్లీషులోనే.

బ్రాయర్ ఈ సంగతి తన కుర్ర స్నేహితుడు సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి చెప్పాడు. 1895లో ఇద్దరూ కలిసి, ఆమె కథ కూడా చేర్చి, హిస్టీరియా మీద పుస్తకం వేశారు. సైకోడైనమిక్ దృక్పథం అని ఇప్పుడు మనం అంటున్నదానికి మొదలు అక్కడే. రోగలక్షణానికి ఒక అర్థం ఉంటుంది, మింగేసిన మాట ఇంకో దారిన బయటికొస్తుంది, ఆ దారి మనకే తెలియదు. మనకే తెలియని ఆ చోటిని మన పుస్తకాల్లో ‘అచేతనం’ అని రాస్తారు. నేను పాఠం చెప్పిన పిల్లలు దాన్ని స్పృహ తప్పడం అనుకుని పరీక్షల్లో రాసేవారు! లోమనసు అంటే గొడవే ఉండదు.

లోమనసు తనను తాను కాపాడుకునే ఎత్తులు మన ఆడవాళ్లకి ఫ్రాయిడ్ చెప్పక్కర్లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం వాటిలో ఒకటి. అందని ద్రాక్ష పులుపనడం ఇంకొకటి. తెలియాల్సింది మరొకటుంది. చిన్నప్పుడు అమ్మానాన్నలతో పడిన ముడిని పెద్దయ్యాక ఆఫీసరుతోనో మొగుడితోనో, వైద్యం చేసే మనిషితోనో మళ్లీ వేసుకుంటాం. తిండి మానేసిన రోజుల్లో బెర్తా బ్రాయర్ పెడితే తినేది. పెద్దమ్మకి మా అమ్మ ఉన్నట్టు. ఇప్పుడు ఈ వైద్యంలో రోగి సోఫా మీద పడుకోవడం తప్పనిసరి కాదు. వారానికి ఒకటి రెండుసార్లు ఎదురెదురుగా కూర్చుని, ఆ ముడిని అక్కడే, ఆ గదిలోనే పట్టుకుంటారు.

ఫ్రాయిడ్ చెప్పినవన్నీ నేను నమ్మను. ఆడపిల్ల గురించి ఆయన రాసినవి చాలా భాగం ఆ కాలపు మగవాడి మాటలు. కలకత్తాలో 1922లో సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్ కూడా, ఐరోపా రోగుల్లో కనబడే కొన్ని భయాలు నా భారతీయ రోగుల్లో అంతగా కనబడటం లేదని ఆయనకే ఉత్తరం రాశాడు. ఈ వైద్యం ఆపేశాక కూడా ఫలితం పెరుగుతూ ఉంటుందని 2010లో జొనాథన్ షెడ్లర్ అనే మనస్తత్వవేత్త వాదించాడు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

నా తప్పు ఒకటుంది. 28 ఏళ్లు మహిళా కాలేజీలో ఈ పాఠం చెప్పాను. మొదటి సగం ఏళ్లూ కథని గ్లాసు దగ్గరే ముగించేదాన్ని. ఆమె నీళ్లు తాగింది, నయమైంది, బెల్లు కొట్టింది. నిజానికి 1882 జూన్‌లో వైద్యం ముగిస్తే, జూలైలో ఆమెను స్విట్జర్లాండ్‌లోని క్రాయిట్స్‌లింగెన్ శానటోరియంలో చేర్చారు. మార్ఫిన్‌కి అలవాటు పడి ఉంది. తర్వాత కూడా ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. ఆ శానటోరియం కాగితాలు వెతికి 1972లో ఎలెన్‌బర్గర్ అనే చరిత్రకారుడు బయటపెట్టాడు. పుస్తకంలో మాత్రం పూర్తిగా ఆరోగ్యవంతురాలైనట్టే ఉంది.

ఆమె తర్వాత జర్మనీకి వెళ్లిపోయింది. 1904లో యూదు మహిళల సంఘం పెట్టింది. 1907లో పెళ్లికాని తల్లులకూ, దిక్కులేని అమ్మాయిలకూ ఇల్లు తెరిచింది. ఆడపిల్లల్ని అమ్మే ముఠాలతో పోరాడింది. ఆ ఇంట్లోని అమ్మాయిలకు మనోవిశ్లేషణ చేయిద్దామంటే మాత్రం ససేమిరా అంది.

పెద్దమ్మకీ పూర్తిగా నయం కాలేదు. అమ్మ వెళ్లినప్పుడు తినేది, అంతే. ఈ పాఠం చెప్పే టీచర్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట: గ్లాసు దగ్గర ఆపేయకండి. ఇంకో క్లాసు తీసుకునైనా క్రాయిట్స్‌లింగెన్ దాకా వెళ్లండి.