ట్యాంకు నిండుగా... కుళాయి సన్నగా!

ఉదయం ఏడు గంటలు. స్నానాలగదిలో కుళాయి కింద బకెట్ పెట్టిన ఇల్లాలు వంటింట్లోకెళ్లి పప్పు తాలింపు పెట్టి వస్తుంది. బకెట్ చూస్తే సగమే! పిల్లలకు బడివేళ దాటిపోతోంది. మోకాళ్ల నొప్పుల పెద్దావిడ పెరట్లో నుంచి నీళ్లు మోసుకోవాల్సిందే. మేడెక్కి చూస్తేనేమో ట్యాంకు నిండుగానే ఉంటుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పాతికముప్ఫై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లకు ఇది కొత్త బాధేం కాదు. 'ప్రెషర్ పంపు పెట్టించెయ్యండి' అంటారు చూసినవాళ్లు. వేలల్లో ఖర్చు. పైగా తుప్పుపట్టిన పైపుకి పంపు తగిలిస్తే గోడలోనే పగిలినా పగలొచ్చు.

అప్పట్లో వేసినవి ఎక్కువగా జీఐ పైపులు. ఇనుము మీద జింకు పూత అన్నమాట. అది అరిగితే తుప్పు మొదలు. దానికి బోరునీళ్లు తోడు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలే హీటర్ కడ్డీకి తెల్లగా గారకడతాయి. పైపు లోపలా అదే తంతు. (ఉమ్మడి నల్గొండ అనగానే గుర్తొచ్చే ఫ్లోరైడ్‌ది వేరే కథ. ఈ గార నేరం దానిది కాదు!) పైపు రంధ్రం సగానికి తగ్గితే నీళ్లూ సగమే తగ్గుతాయనుకుంటాం. నిజానికి వచ్చేది దాదాపు ఆరోవంతే. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు గడపదాకా వచ్చినా, గోడలో ఉన్నది పాత పైపే కదా.

మరి దోషం ఎక్కడో పట్టుకునేదెలా? ఒక్క కుళాయే సన్నగా వస్తుంటే దాని మూతిదగ్గరి జాలీ విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే చాలు. వేడినీళ్లే రావట్లేదంటే గీజరు దారిలో గార చేరినట్టు. కింది అంతస్తులో ధార బాగుండి పైన మాత్రమే నీరసంగా ఉంటే తప్పు పైపుది కాదు, ఎత్తుది. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి ఉంటుంది. స్లాబు మీది ట్యాంకుకీ షవరుకీ మధ్య ఉండేది రెండు మీటర్లే... ఇక ఎంతొస్తుంది! ట్యాంకు ఎత్తు పెంచొచ్చు. కానీ వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. ఇంజినీరుకి చూపించకుండా దిమ్మె కట్టించొద్దు.

ఇంట్లో అన్నీ సన్నగా వస్తుంటే ముందు మేడెక్కాలి. ట్యాంకు అడుగున ఒండ్రు ఉందేమో చూడాలి. తర్వాత గేట్‌వాల్వు. పిడి హాయిగా తిరుగుతుంది, లోపల బిళ్ల మాత్రం ఊడి దారికి అడ్డంగా కూర్చుంటుంది! చాలా ఇళ్లలో అసలు దొంగ ఇదే. మార్చడానికి కొన్ని వందలు చాలు. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండాకే ఇబ్బంది మొదలైతే పైపులో గాలి చిక్కుకుందని అర్థం. వాల్వు తర్వాత ట్యాంకు కన్నా ఎత్తుగా ఒక గాలిపైపు నిలబెడితే సరి.

వాల్వు దాటాక నీళ్లు ధారాళంగా వస్తూ, కింద బకెట్ నిండటానికి మాత్రం ఐదారు నిమిషాలు పడుతోందా? అప్పుడు పైపు మార్చాల్సిందే. గోడలన్నీ పగలగొట్టక్కర్లేదు. పాతదాన్ని అలాగే వదిలేసి, బయటినుంచి కొత్త ప్లాస్టిక్ పైపు దించొచ్చు. ట్యాంకు నుంచి దిగేది అంగుళంపావు, గదుల్లోకి ముప్పావు అంగుళం ఉంటే మేలు. అప్పటికీ షవరు సంతృప్తిగా లేకపోతే పంపు సంగతి చూసుకోవచ్చు.

మున్సిపల్ కుళాయికి నేరుగా మోటారు బిగించడం మాత్రం వద్దు. అది నిబంధనలకు విరుద్ధం. వీధి పైపుకు ఎక్కడైనా చిల్లుంటే, పక్కనున్న మురుగును కూడా లాగేస్తుంది. ఆ నీళ్లు చేరేది మన బిందెలోకే. నీళ్లు వదిలినప్పుడు వాటంతటవే సంపులోకి దిగనిచ్చి, అక్కణ్నుంచి మోటారుతో పైకి ఎక్కించుకోవాలి.