నాయనమ్మ వాటా 48 సెంట్లు

పెద్దకర్మ భోజనాలు ముగిసి షామియానా విప్పుతుండగానే ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు: "వీలునామాకి ప్రొబేట్ తెచ్చుకోవాలటగా?" ప్రొబేట్ అంటే వీలునామా అసలుదేనని కోర్టు వేసే ముద్ర. సాధారణంగా అది చెన్నైలో ఇల్లున్న బంధువు తెచ్చిన మాట. 1925 నాటి భారత వారసత్వ చట్టం 213వ సెక్షన్‌లో పెట్టిన ఆ నిబంధన, 2025లో ఆ సెక్షన్‌ను తొలగించేదాకా, హిందువుల విషయంలో పాత బెంగాల్ ప్రాంతానికీ, మద్రాసు, బొంబాయి నగరాలకే వర్తించేది. కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనూ అది బెజవాడ దాకా రాలేదు. ఇక్కడ రాసి, ఇక్కడి ఆస్తికే సంబంధించిన వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. లాయరు లేకుండా ప్రొబేట్ ఎలా అని తల పట్టుకునేకంటే, కాగితాలు ఏ వరసలో కదపాలో తెలుసుకుంటే చాలా ఇళ్లలో పని జరిగిపోతుంది.

మొదటి అంకె 21. అన్ని రోజుల్లోగా మరణం నమోదు చేయిస్తే రుసుము లేదు. 30 రోజులు దాటితే అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. డెత్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, పట్టాదారు పాసు పుస్తకంలో పేరు ఒకేలా ఉందో లేదో ఆ రోజే చూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే నెలలు పోతాయి. తర్వాత తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. అందులో పేర్లు ఎవరెవరివి? తగాదాలకు బీజం పడేది అక్కడే.

వీలునామా లేకుండా ఒకాయన పోయాడనుకుందాం. 2 ఎకరాల 40 సెంట్ల స్వార్జిత మాగాణి. భార్య, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, వసారాలో మంచం మీద ఆయన తల్లి. 1956 హిందూ వారసత్వ చట్టం లెక్కలో ఇవి ఐదు సమాన వాటాలు: 240 సెంట్లు, తలా 48. మన ఇళ్లలో ఎక్కువగా మరిచిపోయేది ఆ నాయనమ్మనే. మొదటి తరగతి వారసుల్లో తండ్రి లేడు, తల్లి ఉంది. ఆమెను వదిలేసి పంపకాలు రాసుకుంటే, ఆమె కాలం చేశాక బాబాయిలు, మేనత్తలు ఆ 48 సెంట్ల కోసం రావచ్చు. రావడం తప్పు కూడా కాదు.

"ఆడపిల్లలకు కట్నాలు ఇచ్చేశాంగా" అన్నది ఇంకో మాట. కట్నంతో వాటా చెల్లిపోదు. నిజంగా వదులుకోదలిస్తే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి, నోటిమాట చెల్లదు.

పొలం విషయంలో గుర్తుంచుకోవాల్సింది 90. వారసత్వంగా హక్కు వచ్చినట్టు 90 రోజుల్లో తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలపాలని 1971 నాటి పాసు పుస్తకాల చట్టం చెబుతోంది. రెవెన్యూ రికార్డులైన 1బిలో, అడంగల్‌లో పేరు మారినంత మాత్రాన మిగతా వారసుల హక్కు పోదు. ఇంటి పన్ను రసీదు సంగతీ అంతే. వీలునామా లేని వారసత్వ పంపకాల రిజిస్ట్రేషన్‌కు మార్కెట్ విలువ 10 లక్షల దాకా 100 రూపాయలు, ఆపైన 1000 అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది.

ఇక బ్యాంకు. నామినీ ఉంటే డబ్బు అతని చేతికి వస్తుంది, అతనిదైపోదు. మిగతా వారసులకు లెక్క చెప్పాల్సిందే. నామినీ లేరు, వీలునామా లేదు, తగువూ లేదు అంటే 15 లక్షల దాకా (సహకార బ్యాంకుల్లో 5 లక్షలు) కోర్టు కాగితం అడగకుండా హామీపత్రం వంటి వాటితోనే చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించింది. అమలుకు గడువు 2026 మార్చి 31. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. అంతకు మించిన మొత్తానికి సక్సెషన్ సర్టిఫికెట్ అడగవచ్చు. అది జిల్లా కోర్టు ఇచ్చేది, మీరే స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు. అయితే అది డిపాజిట్లకూ, షేర్లకూ, రావాల్సిన బాకీలకే పనికొస్తుంది. దాన్ని పట్టుకుని పొలం కోసం వెళ్లి వెనక్కొచ్చేవాళ్లున్నారు.

వీలునామా ఉంటే చూడాల్సిన అంకె 2: ఇద్దరు సాక్షులు. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ వివాదం కోర్టుకెళ్తే, బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరిని బోనెక్కించి రుజువు చేయాలి. ఊరి పెద్దమనిషే సంతకం పెట్టాలన్న మర్యాదతో, రాసేవాడికంటే పదేళ్లు పెద్దవాణ్ణి సాక్షిగా పెట్టుకోవడం నాకైతే తెలివితక్కువగానే కనిపిస్తుంది.

సంతకంపై అనుమానం, రెండో వీలునామా, వాటా ఇవ్వనని మొండికేసిన అన్న: వీటిలో ఏదున్నా లాయరు లేకుండా దిగకండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. ఫోన్ నంబరు 15100.

డల్లాస్‌లో ఉన్న కొడుకు రాలేకపోతే అక్కడ పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించి పంపాలి. అది ఇండియాలో చేతికందిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. లెక్క అందిన రోజు నుంచి కనుక, కొరియర్ కవరు పారేయకుండా ఆ కాగితంతోపాటే దాచండి.