ఆఫ్రికాకు మన గళ్ల రుమాలు: నేత ఇక్కడ, ముగింపు అక్కడ

పామర్రు: పామర్రు సెంటరులో బేరమంటే ధాన్యం, మినుములు. అయితే ఇక్కడ కలిసే రోడ్లలో రెండు గుడ్డల వ్యాపారం వైపు కూడా పోతున్నవి. బందరు రోడ్డున సాగితే కప్పలదొడ్డి మగ్గాలు, పెడన అద్దకం బల్లలు దగ్గరలోనే వున్నవి. కూచిపూడి, చల్లపల్లి మీదుగా పులిగడ్డ వారధి దాటితే రేపల్లె, అటుపైన చీరాల. ఆ చీరాల మొదలు మద్రాసు పరిసరాల వరకు కోస్తా మగ్గాలపై నేసిన గళ్ల గుడ్డ తరతరాలుగా పశ్చిమాఫ్రికాకు, అక్కడి నుంచి వలస పోయినవారు, బలవంతంగా తరలించబడినవారు వుండే దీవులకు చేరింది. ఎగుమతి వ్యాపారంలో దాని పేరు 'రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్'.

ఇటీవలి సంవత్సరాలలో లాగోస్, లండన్ నగరాలలో ఆఫ్రికా సంతతి డిజైనర్లు చేనేత వైపు మొగ్గుతున్నారు. పోయిన గిరాకీ తిరిగి వస్తుందా అన్న ప్రశ్న వర్తకులకు సహజం. దీనికి జవాబు కావాలంటే ఈ సరుకును కొన్నవారు దానిని ఏమి చేసేవారో ముందుగా తెలుసుకోవాలి. ఆ సంగతి తెలియకుండా సాగిన వ్యాపారం కాబట్టే అది చేజారినప్పుడు నిలుపుకునే దారి మనవారికి దొరకలేదు.

సరుకు వివరం

పేరుకు రుమాలే గాని ఇది జేబులో పెట్టుకునేది కాదు. 36 అంగుళాల వెడల్పు, 8 గజాల పొడవు గల తానుగా నేస్తారు. గజానికొకటి చొప్పున తానుకు 8 చదరపు రుమాళ్లు వస్తాయి. కొనేవారు వాటిని విడదీయకుండా నడుముకు చుట్టుకోవడానికి, తలకు కట్టుకోవడానికి వాడతారు. సాదా నేత. పడుగు, పేక రెండింటికీ ముందుగానే రంగు వేసిన నూలు వాడటం వల్ల గళ్లు గుడ్డకు రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి.

చీరాల పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే తేలియా రుమాలు వేరు. దానికి నూలును నూనెలో నానబెట్టి, చిటికి కట్టి రంగు అద్దుతారు. అది ప్రధానంగా అరబ్బు దేశాలకు పోయేది. బందరు కలంకారీ దుప్పట్లకు ఒకప్పుడు పర్షియా పెద్ద గిరాకీ. ఆఫ్రికా పడమటి తీరానికి పోయిన సరుకులో ముఖ్యమైనది గళ్ల గుడ్డ, నీలిగుడ్డ. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టరాదు.

చేదు లెక్క

ఈ వ్యాపారం పునాది మంచిది కాదన్న సత్యాన్ని దాచనక్కరలేదు. 17, 18 శతాబ్దాలలో ఐరోపా కంపెనీలు కోరమాండల్ తీరాన, గుజరాత్‌లోను కొన్న నూలు గుడ్డలను ఆఫ్రికా పడమటి తీరానికి ఓడలలో చేర్చి, వాటికి మారకంగా మనుషులను కొన్నవి. అట్లా కొన్న మనుషులను కరీబియన్ దీవులకు, అమెరికా ఖండాలకు తరలించినవి. బందరులో ఇంగ్లీషువారు 1611లో వర్తక స్థావరం పెట్టారు. డచ్చివారు అంతకు ముందే వచ్చారు. మగ్గం ముందు కూర్చున్న నేతగానికి తన తాను ఏ బేరానికి పోతున్నదో తెలిసే అవకాశం లేదు.

ఇంగ్లండు 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. అయినా గుడ్డకు గిరాకీ ఆగలేదు. సెనెగల్ నది ఒడ్డున తుమ్మబంక కొనడానికి ఫ్రెంచివారు పాండిచ్చేరి నుంచి తెచ్చిన నీలిగుడ్డనే నాణెంగా వాడారు. 'గినీ' అనే ఆ తాను అక్కడ ధర కట్టే కొలమానం. ఇప్పుడు నైజీరియాలో వున్న నైజర్ నది డెల్టాలో పామాయిల్ అమ్మిన వర్తకులు ఆ రాబడితో మన గళ్ల గుడ్డ కొని పెట్టెలలో దాచుకున్నారు. ఆ వర్తకులలో కలబరి జాతివారు ముఖ్యులు.

దారం తీసేకొద్దీ విలువ

కలబరి వారు మన గళ్ల గుడ్డను 'ఇంజిరి' అంటారు. ఇగ్బో వారు 'జార్జి' అంటారు. మద్రాసులోని సెయింట్ జార్జి కోట నుంచి ఈ పేరు వచ్చిందని చెబుతారు. కలబరి ఇళ్లలో పుట్టిన బిడ్డకు చుట్టేది ఇంజిరి. పెద్దలు పోయినప్పుడు వారిని వుంచే పడకను అలంకరించేది కూడా ఇంజిరియే. దీనికోసం తాతల నాటి పెట్టెలు తెరుస్తారు.

వర్తకులు గమనించవలసింది ఆ తర్వాత జరిగే పని. బుగుమా వంటి పట్టణాలలో స్త్రీలు తాను విప్పి, గళ్లలోని లేతరంగు దారాలను సూదితో ఒక్కొక్కటిగా పైకి లేపి, పదునైన కత్తితో కోసి లాగివేస్తారు. దారం పోయిన చోట చిన్న చిన్న ఖాళీలు ఏర్పడి, గళ్ల నడుమ కొత్త డిజైను తేలుతుంది. దీని పేరు 'పెలెటె బైట్', అంటే దారం కోసిన గుడ్డ. ఒక్క తానుకు రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి పని పడుతుంది. డిజైన్లకు పేర్లుంటాయి. కోసిన గుడ్డ విలువ కోయని గుడ్డ కంటే ఎక్కువ. బరువు తగ్గి ధర పెరిగే సరుకు ఇది.

దీనిని పరిశోధకులు జోన్ ఐకర్, టోన్యే ఎరెకొసిమా లోకానికి పరిచయం చేశారు. 1982లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఈ గుడ్డల ప్రదర్శన జరిగింది. కొని తెచ్చుకున్న పరాయి గుడ్డను తమ చేతిపనితో తమదిగా చేసుకున్నారన్నది వారి వాదన సారాంశం.

వ్యాపారపరంగా ఇందులో ఒక కీలకం వున్నది. అచ్చువేసిన గళ్ల గుడ్డ ఈ పనికి పనికిరాదు. అందులో గడి పైపూత మాత్రమే. దారం తీస్తే డిజైను రాదు. దారమే రంగుగా వున్న గుడ్డ కావాలి. పడుగు, పేక మరీ బిగిసి వుంటే సూది దూరదు, మరీ వదులైతే కోసిన చోట గుడ్డ జారిపోతుంది. కనుక అచ్చు, గంజి, నూలు కౌంటు ఒక తానుకు, మరో తానుకు మారరాదు.

దీవులలో మరో చేతిపని

అట్లాంటిక్ అవతల కూడా ఇదే కథ. 1786లో స్పెయిన్ పాలనలో వున్న లూసియానాలో గవర్నరు మిరో, స్వేచ్ఛ గల నల్లజాతి స్త్రీలు జుట్టు కనబడకుండా గుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు. వారిని తక్కువ చేయడం దాని ఉద్దేశం. ఆ స్త్రీలు మద్రాసు గళ్ల గుడ్డను అందంగా చుట్టి ఆ తలపాగానే తమ దర్జాగా మార్చుకున్నారు.

19వ శతాబ్దపు మార్టినిక్ దీవిలో గళ్ల గుడ్డ కొన్న తర్వాత దాని లేత చారలపై కుంచెతో పసుపు రంగు పూయించుకునేవారు. ఆ పనికి ప్రత్యేకంగా స్త్రీలు వుండేవారు. రంగు పూసిన గుడ్డకు అదనపు ధర. కలబరిలో దారం తీశారు, మార్టినిక్‌లో రంగు కలిపారు. రెండు చోట్లా సరుకు పూర్తయింది కొన్నవారి చేతిలోనే.

సెయింట్ లూసియా, డొమినికా, గ్వాడెలూప్, మార్టినిక్ దీవులలో నేటికీ సంప్రదాయ దుస్తులు మద్రాసు గళ్లవే. జమైకాలో దీనిని 'బందానా' అంటారు. సెయింట్ లూసియాలో క్రియోల్ పండుగ అక్టోబరు చివర వస్తుంది. అప్పుడు పిల్లలు, పెద్దలు అందరూ గళ్ల గుడ్డ కడతారు. అంటే ఈ గిరాకీకి సీజను వున్నది. అయితే ఆ దీవుల దుకాణాలలో చేనేతతో పాటు మరనేత, అచ్చు గుడ్డ కూడా మద్రాసు పేరుతోనే అమ్ముడవుతున్నవి.

గిరాకీ ఎందుకు చేజారింది

పెద్ద మార్కెట్ నైజీరియా. సొంత మిల్లులను కాపాడుకోవడానికి ఆ ప్రభుత్వం 1970 దశకం నుంచి వస్త్రాల దిగుమతిపై పలుమార్లు నిషేధాలు, ఆంక్షలు పెట్టింది, సడలించింది, మళ్లీ పెట్టింది. ఇటీవలి చరిత్ర కూడా అదే బాటలో నడిచింది. 2019 మార్చిలో అక్కడి కేంద్ర బ్యాంకు వస్త్ర దిగుమతులకు విదేశీ మారకం ఇవ్వరాదని నిర్ణయించింది. 2023 అక్టోబరులో ఆ ఆంక్ష ఎత్తివేసింది. ఈ లోగా 2023 జూన్‌లో నైరా మారకపు రేటును మార్కెట్‌కు వదలడంతో దాని విలువ బాగా పడిపోయింది. ఆంక్ష పోయినా కొనే శక్తి తగ్గింది.

ఒకే దేశంపై, ఒకే రకం తానుపై ఆధారపడిన మగ్గానికి ఇటువంటి ఎత్తుపల్లాలు ప్రాణాంతకం. దిగుమతి ఆగినప్పుడు ఎగుమతిదారు మరో సరుకుకు మారగలడు. నేతగాడు మగ్గం, అచ్చు, చేతి అలవాటు అంత సులభంగా మార్చలేడు. పైగా మచ్చు మద్రాసు నుంచి వచ్చేది, తాను మద్రాసుకు పోయేది. బుగుమాలో దారం కోస్తారన్న సంగతి చీరాల వీధిలో తెలియదు. తెలిసి వుంటే తమ నేతలో ఏ గుణానికి ధర పలుకుతున్నదో నేతగాడు చెప్పి బేరమాడగలిగేవాడు.

పేరుకు వున్న ధర

టోగో దేశపు అనుభవం వర్తకులకు మరో పాఠం. హాలెండ్‌లోని హెల్మండ్ పట్టణంలో 1846లో మొదలైన వ్లిస్కో కంపెనీ జావా బాతిక్‌ను అనుకరించి మైనపు అచ్చు గుడ్డ తయారు చేసి ఆఫ్రికాలో నిలదొక్కుకున్నది. ఆ గుడ్డకు ఊపిరి పోసినవారు లోమే నగరపు స్త్రీ వర్తకులు. ఏ డిజైను అమ్ముడవుతుందో వారే కంపెనీకి చెప్పేవారు. ఒక్కో డిజైనుకు సామెత వంటి పేరు పెట్టేవారు. కొన్ని డిజైన్లపై గుత్త హక్కు పొందేవారు. మెర్సిడెస్ బెంజ్ కార్లు కొన్నందున వారికి 'నానా బెంజ్' అన్న పేరు వచ్చింది.

1994 జనవరిలో సిఎఫ్ఎ ఫ్రాంకు విలువను సగానికి తగ్గించడంతో దిగుమతి గుడ్డ ధర ఒక్కసారిగా పెరిగింది. తర్వాత చౌకగా చైనా నకళ్లు వచ్చినవి. నానా బెంజ్‌ల వైభవం తగ్గింది. ఆఫ్రికా గుడ్డగా పేరుపొందిన దానిలో ఆఫ్రికా ఎంత, ఐరోపా ఎంత, ఆసియా ఎంత అన్న ప్రశ్ననే బ్రిటిష్-నైజీరియన్ కళాకారుడు యింకా షోనిబరే తన శిల్పాలకు వస్తువుగా తీసుకున్నాడు. ఈ గుడ్డను ఆయన లండన్‌లోని బ్రిక్స్‌టన్ మార్కెట్‌లో కొన్నాడు.

నేటి డిజైనర్లు

నైజీరియా డిజైనర్ కెనెత్ ఇజె, యోరుబాల అసో-ఓకె చేనేతతో కోట్లు కుట్టించి 2019లో ఎల్‌విఎంహెచ్ బహుమతి తుది పోటీకి చేరాడు. లండన్‌లోని ప్రియా అహ్లువాలియా తల్లిదండ్రుల మూలాలు భారత్, నైజీరియా రెండింటిలోనూ వున్నవి. పాత గుడ్డలను, నిల్వ మిగిలిన సరుకును కలిపి కొత్త దుస్తులు చేయడం ఆమె పేరు. బుగుమాలో పుట్టిన శిల్పి సొకారి డగ్లస్ క్యాంప్ కలబరి వేషధారణను ఉక్కులో మలచింది. వీరంతా గుడ్డను గజం లెక్కన మాత్రమే చూడరు. అది ఎక్కడ నేశారు, ఎవరు కట్టారు అన్నది కూడా వారికి సరుకులో భాగమే.

ఇటువంటి కొనుగోలుదారులు వేల తానుల ఆర్డరు ఇవ్వరు. చిన్న లాటు, తరచు మారే గడి, చెప్పిన తేదీకి రవాణా కోరుతారు. పెద్ద మిల్లుకు చిన్న లాటు గిట్టదు. మగ్గానికి గిట్టుతుంది. పెడన అద్దకానికి కూడా ఈ మాట వర్తిస్తుంది. టేకు అచ్చు ఒకటి చెక్కించి కొద్ది గజాలు అద్దటం సాధ్యమే.

వర్తకులకు సూచన

మొదటిది, మచ్చుతో పాటు కౌంటు, అంగుళానికి దారాలు, రంగుల పట్టిక రాసి వుంచాలి. ఆరు నెలల తర్వాత అదే తాను మళ్లీ అడిగితే తేడా లేకుండా ఇవ్వగలగాలి. రెండవది, చేనేత అని చెప్పి మరనేత పంపరాదు. దారం కోసే చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. 2006 నుంచి వున్న చేనేత ముద్రను వాడుకోవచ్చు. 1965లో మద్రాసులో ఏర్పడిన చేనేత ఎగుమతి ప్రోత్సాహక మండలి ద్వారా నేరుగా కొనుగోలుదారులను చేరవచ్చు. మూడవది, నైరాపై నమ్మకంతో అరువు ఇవ్వరాదు. లెటర్ ఆఫ్ క్రెడిట్ లేదా ముందస్తు సొమ్ము వుండాలి. నాలుగవది, దీవుల అక్టోబరు పండుగకు సరుకు వేసవిలోనే మగ్గం దిగాలి. వర్షాలలో నూలు, రంగు ఆరక ఆలస్యమవుతుంది.

అయిదవది అన్నిటికంటె ముఖ్యం. కొన్నవారు సరుకును ఏమి చేస్తున్నారో తెలుసుకుని ఆ సంగతి మగ్గం దాకా చేర్చాలి. బుగుమా స్త్రీ ఏ దారం తీసివేస్తుందో చీరాల నేతగానికి తెలిస్తే ఆ దారాన్ని అందుకు తగినట్లు నేయగలడు, అందుకు తగిన కూలీ కూడా అడగగలడు. ఆ కూలీ ఇవ్వగలిగిన వర్తకుడికే ఈ సరుకు నిలకడగా దొరుకుతుంది.