పిత్తనాళంలోకి పంపిన కెమెరా ఎంతవరకు చూడగలదు?

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో పనిచేసేవాళ్లలో కళ్లు పచ్చబడితే ఆకు పసరు కోసం పరుగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్కానింగ్‌లో పిత్తనాళం ఒకచోట ఇరుకైందని తేలితే మాత్రం పసరుతో అయ్యే పని కాదు. అది మామూలు వాపా, క్యాన్సరా తేల్చాలి. నోటి గుండా ఎండోస్కోప్ పంపి చేసే ఈఆర్‌సీపీలో నాళంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే కనిపించేది నాళం నీడే. ఇరుకు ఎక్కడుందో తెలుస్తుంది గానీ లోపలి పొర ఎలా ఉందో తెలియదు. బ్రష్‌తో గీకి తీసిన కణాల పరీక్షకు చాలా క్యాన్సర్లు చిక్కవు. అందుకే నాళంలోకే కెమెరా పంపే కొలాంజియోస్కోపీ వచ్చింది. అక్కడ బొమ్మ మసకైతే ఒకరికి అక్కర్లేని ఆపరేషన్ జరగొచ్చు, ఇంకొకరికి జరగాల్సింది ఆలస్యం కావచ్చు. బొమ్మ నాణ్యతను వైద్యంలో భాగంగానే చూడాలని నేననేది ఇందుకే.

నాళం వెడల్పు మామూలుగా 6 మిల్లీమీటర్లు, లోపలికి వెళ్లే గొట్టం దాదాపు మూడున్నర. 2007లో వచ్చిన స్పైగ్లాస్ అనే కొలాంజియోస్కోప్‌లో సన్నని గాజు పోగులు బొమ్మను మోసుకొచ్చేవి. పోగు తెగినచోటల్లా తెర మీద నల్లచుక్క పడేది. 2015 నాటి డిజిటల్ రకంలో కెమెరా చిప్ గొట్టం కొసకే చేరింది, వంకర్లు తిరిగిన సన్నటి రక్తనాళాలు కూడా కనబడుతున్నాయి. అయినా చిప్ ఒక్కటే చాలదు. పిత్తరసం, చీము, నెత్తురు అడ్డొస్తే ఎంత మంచి కెమెరా అయినా గుడ్డిదే. సెలైన్‌తో కడగాలి. అలాగని ఎక్కువ నీళ్లు తోస్తే నాళంలో ఒత్తిడి పెరిగి క్రిములు రక్తంలోకి పోవచ్చు. పోసినంత నీటినీ వెనక్కి లాగుతుండాలి, యాంటీబయాటిక్ ఇవ్వాలి. తెర మీది స్పష్టతలో సగం ఈ ఓపికదే.

ఒకసారి వాడి పారేసే గొట్టానికి అంత ఖర్చు అవసరమా అంటారు. మామూలు రాళ్లకైతే అక్కర్లేదు, ఈఆర్‌సీపీతోనే తీసేయొచ్చు. పెద్ద రాయిని కళ్లతో చూస్తూ లేజర్‌తో పగలగొట్టాల్సి వచ్చినా, ఇరుకు అంతుపట్టకపోయినా ఆ ఖర్చుకు అర్థముంది. అలాంటివాళ్లకు పటాన్‌చెరు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్తే గచ్చిబౌలిలో, డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డి స్థాపించిన ఏఐజీ ఆసుపత్రి ఉంది. ఇంకో అభ్యంతరం గట్టిదే: ఒకే వీడియో చూసి నిపుణులు వేర్వేరు మాటలు చెబుతారు. తెర మీద కనిపించే గుర్తులను అందరూ ఒకేలా చదివేందుకు మొనాకో, మెండోజా వర్గీకరణలు పుట్టింది అందుకే. కాబట్టి బొమ్మ చూసి తీర్పు చెప్పకూడదు, పరీక్షకు కణజాలం ముక్క ఎక్కడ తీయాలో తెలుసుకోవాలి. గొట్టం గుండా పంపే ఫోర్సెప్స్‌కు వచ్చే ముక్క మరీ చిన్నది, అందుకే అనుమానమున్న చోట నాలుగైదు తీయాలి. రోగి చేసే పనేంటో కూడా అడగాలి. జపాన్‌లోని ఒసాకాలో ఒక ప్రింటింగ్ కంపెనీ కార్మికులకు చిన్న వయసులోనే పిత్తనాళ క్యాన్సర్లు వచ్చాయి. వాళ్లు వాడిన 1,2-డైక్లోరోప్రొపేన్ ద్రావకం మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ద్రావకాల మధ్య పనిచేసే మనిషి గురించి ఈ సంగతి ఏ కెమెరాకూ కనిపించదు.