కాలిన గాయాలు - ఆసుపత్రిలో అన్ని రోజులు ఎందుకు?



బెల్లం వండే పెనం, పసుపు వుడికించే కడాయి, ఇంట్లో పొయ్యి - ఇవన్నీ మన దినచర్యలోవే. ప్రమాదం జరిగితే ఆసుపత్రికి తీసుకుపోతాం. వారం తిరగకుండానే, "ఇంకెన్నాళ్లండీ? పశువుల్ని చూసే దిక్కులేదు, కట్లు ఇంటి దగ్గరే కట్టించుకుంటాం" అని తీసుకువచ్చేస్తాం. అసలు నష్టం అక్కడే వస్తుంది.

ముందు కొలత తెలుసుకుందాం. ఎవరి అరచేయి, వేళ్లతో సహా, వారి వంటి చర్మంలో నూటికి ఇంచుమించు ఒక పాలు. పెద్దవారిలో ఒక చేయి 9 పాళ్లు, ఒక కాలు 18 పాళ్లు, తలా మెడా కలిసి 9 పాళ్లు. పసిబిడ్డలో తలా మెడా కలిసి 18 పాళ్లు. ఎన్ని పాళ్లు కాలితే ఇంచుమించు అన్ని రోజులు ఆసుపత్రిలో వుండవలసి వస్తుందని వైద్యుల మోటు లెక్క. లోతుగా కాలినా, పొగ పీల్చినా, వయసు మళ్లినా ఇంకా ఎక్కువ పడుతుంది.

ఆ రోజుల్లో ఏం చేస్తారు? మొదటి రెండు రోజులు నెత్తురులోని నీరు బయటికి వూరిపోతుంది. పిల్లల్లో 10 పాళ్లు, పెద్దల్లో 15 పాళ్లు దాటితే సెలైను ఎక్కించాలి. 50 కిలోల మనిషికి 20 పాళ్లు కాలితే, మొదటి 24 గంటల్లో సుమారు 4 లీటర్లు కావాలి. అందులో సగం, కాలిన క్షణం నుంచి లెక్కవేసి 8 గంటల్లోపే వెళ్లాలి. కనుక ఆలస్యం చేయరాదు.

తరువాత చీము పట్టకుండా చూడాలి. చర్మం చేనికి కంచె వంటిది. కంచె పోతే ఏదైనా లోపలికి జొరబడుతుంది. ఈ రోజుల్లో పథ్యం పేరుతో రోగి కడుపు మాడ్చకండి. గుడ్లు, పప్పు, పాలు బాగా పెట్టాలి.

మూడు వారాల్లో మానని లోతు గాయానికి, తొడ నుంచి పల్చని పొర తీసి అతుకుతారు. ఇది నారు పీకి నాటడం వంటిదే. వేరు పట్టేదాకా, అంటే అయిదారు రోజులు, ఆ చోటు కదలరాదు. ఆ పిమ్మట మెడ, మోచేయి, వేళ్లు ముడుచుకుపోకుండా వ్యాయామం చేయిస్తారు. మధ్యలో వచ్చేస్తే కొడవలి పట్టే చేయి వంకరపోవచ్చు. పిల్లలు పెరిగినా మచ్చ వారితో సమంగా సాగదు. కాబట్టి ఇంటికి వచ్చాక కూడా చెప్పిన తేదీలకు చూపించాలి.

ఇక మన చేతిలో వున్నది. బట్టలు అంటుకుంటే పరుగెత్తక నేలమీద దొర్లాలి. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీరు ధారగా పోయండి. మూడు గంటల్లోపు ఎప్పుడు పోసినా మేలే. పసిబిడ్డకు తక్కిన వొళ్లు చలి పట్టకుండా చూడండి. గాజులు, వుంగరాలు వెంటనే తీయండి. మంచుగడ్డ, సిరా, పేస్టు, పేడ పెట్టకండి. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోను చేయండి. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు కాలినా, కరెంటు కొట్టినా గాయం చిన్నదని వూరుకోకండి.

విస్తరణ సిబ్బందికి ఒక మాట. రోగి ఆసుపత్రిలో నిలవాలంటే ఇంటి దగ్గర పని నడవాలి. నాట్లకు ఒకరికొకరు బదులు వెళ్లినట్లే, ఆ ఇంటి పశువులకు మేత, చేనుకు తడి వంతులవారీగా చూసే ఏర్పాటు వూళ్లో చేయించండి. ఆ కుటుంబానికి అదే పెద్ద సాయం.