వరద మాను - గాజుతొట్టి

శ్రావణమాసంలో గోదావరి ఎర్రనీరు పాపికొండల నడుమ నుండి దిగివచ్చేటప్పుడు అడవిని కూడ కొంత వెంట తెస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75 అడుగులు దాటిన వరద వంటిది వచ్చినప్పుడు వేళ్లతో సహా మహావృక్షాలే కొట్టుకువస్తాయి. నీరు తీసిన పిదప లంకల ఇసుకతిన్నెలపై మిగిలే వంకర వేళ్లు, మొద్దులు గాజుతొట్టిలో చేపలు పెంచేవారిని ఆకర్షిస్తాయి. అయితే పోటునీటిలో పడవ వేసుకొని దుంగలు పట్టడం ప్రాణాంతకం. పైగా నీట కొట్టుకువచ్చిన కలపను, హక్కుదారు నిరూపించుకొనే వరకు, 1927 నాటి భారత అటవీ చట్టం 45వ సెక్షను ప్రభుత్వ సొత్తుగా భావించింది. తణుకు వంటి ఊళ్లలో ఉన్నవారికి పెరట్లో ఎండిన జామవేరే మేలు.

వరిచేల మురుగుకోడులలో నానిన కొయ్యను ముట్టకపోవడమే మంచిది. అది పీల్చుకొన్న పురుగుమందు ఎంత మరిగించినా పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. తొట్టిలోని చేపలు ఒక్క రాత్రిలో తేలిపోవచ్చు. పచ్చికొయ్య, పాలు లేదా జిగురు కారే జాతులు కూడ పనికిరావు.

ఎంచిన కొయ్య బెరడును, పుచ్చిన భాగాన్ని చెక్కివేసి, గట్టి కుంచెతో తోమాలి. సబ్బు వాడరాదు, కొయ్య రంధ్రాలలో చేరిన సబ్బు తిరిగి చేపల నీటిలోకే వస్తుంది. తరువాత గంట రెండు గంటలు మరిగించాలి. పురుగులు, బూజు నశించడమే కాక, కణాలలోని గాలి వెలుపలికి పోయి నీరు చేరుతుంది. తేలే కొయ్య మునగడానికి కారణమిదే. పాత్రలో పట్టని మొద్దును తొట్టెలో బరువు పెట్టి నానవేసి, తరచు నీరు మార్చాలి. దీనికి వారాలు పట్టవచ్చు. ఇక్కడ తొందరపాటు తగదు.

నానినకొద్దీ నీరు తేయాకు కషాయం వలె మారుతుంది. ఇది టానిన్. తోళ్లు పదును చేయడానికి తుమ్మచెక్కను వాడేది దీనికోసమే. ఇది నీటిని కొద్దిగా ఆమ్లగుణం వైపు మళ్లిస్తుంది. కార్బనేట్లు అధికంగా ఉన్న బోరునీటిలో ఆ మార్పు స్వల్పం. రంగు చూసి బెదరనవసరం లేదు, చేపలకు అది సాధారణంగా హాని చేయదు.

తొట్టిలో అమర్చిన కొద్దిరోజులకు కొయ్యపై తెల్లని జిగట పొర కట్టవచ్చు. కొత్తవారు దానిని రోగమని భ్రమించి కొయ్యను పారవేస్తారు. కొన్ని వారాలలో అది తనంత తానే తగ్గుతుంది. ఈలోగా సక్కరు చేపలు, చిన్న రొయ్యలు ఆ పొరను గీరుకొని తింటూ ఉంటాయి.